నా భార్య ముఖము కల్పితము కాదని మనవి

పురపాలక కార్యాలయ ప్రధాన అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రాబోవు ఆదివారం టౌన్‌హాలు వెనుక ఆవరణలో తగలబెట్టదలచిన చిత్రములలో నుండి ఒకదానిని మినహాయించి, దానిని వేసిన మనిషికి, అనగా నాకు, అప్పగించుట గురించి.

నేను ఈ ఊరిలో దుకాణాలకు బోర్డులు రాసుకొని బతికే పెయింటరును. తమ కార్యాలయం గోడ మీద ‘ఇక్కడ ఉమ్మరాదు’ అని రాసినది నేనే. సరిగ్గా దాని మీదనే ఉమ్ముతున్నారు, కానీ అది వేరే అర్జీ. ప్రస్తుతం విన్నవించుకొనునది ఏమనగా:

1. కంప్యూటరు తయారుచేసే బొమ్మల మీద ప్రజలకు కలిగిన ఆగ్రహం న్యాయమైనదే. నా నోటి దగ్గర కూడు లాక్కున్నది కూడా ఆ యంత్రమే. చెప్పుల కొట్టువాడు సగం రాసిన బోర్డు ఆపించి, “ఫోన్‌లో అడిగితే నిమిషంలో ఇచ్చేస్తోంది అన్నా, నువ్వు వారం తింటావ్” అన్నాడు. అందుచేత కళాపరిరక్షణ సంఘం వారి ఊరేగింపులో ముందు వరుసలో నడిచాను. వారు పట్టుకున్న అట్టల మీద నినాదాలు రాసినది నేనే. ‘మనిషి చేయి వర్ధిల్లాలి’ అన్నది బాగా కుదిరింది కూడా.

2. తదుపరి సంఘం వారు టౌన్‌హాలులో చేతి చిత్రాల ప్రదర్శన పెట్టగా, నేను నా భార్య బొమ్మను ఇచ్చాను. జబ్బు చేసి, జుట్టంతా ఊడి, ఒక కన్ను కిందికి వాలి, మెడ పుల్లలా అయిపోయిన రోజుల్లో వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న బోర్డు చెక్క మీద వేసినది. ఫోటో తీస్తానంటే ఒప్పుకోలేదు. “ఫోన్ ఎత్తావంటే నేలకేసి కొడతా. బొమ్మయితే వేసుకో. నువ్వేస్తే ఎలాగూ నాలా ఉండదుగా” అన్నది. ఉన్నదయ్యా. అచ్చం ఆమెలాగే ఉన్నది. ఆరిన తరువాత చూసుకొని, “ఛీ, నేనే” అన్నది. కొద్ది రోజులకే పోయింది. ఆ రోజుల నాటి ఆమె రూపం ఇంకెక్కడా లేదు.

3. ప్రదర్శనలో ఒక బడి పంతులుగారు ఆ బొమ్మ ముందు ఆగి, “కళ్లు రెండూ ఒక ఎత్తులో లేవు. మనిషికి ఇంత సన్నటి మెడ ఉండదు. ఇది యంత్రం పనే” అన్నారు. జబ్బు అని చెప్పాను. “జాలి పుట్టించడం కూడా దానికి నేర్పేశారన్నమాట!” అని ఒకావిడ నవ్వింది. అంతే, జనం మూగారు. నా కాలరు పట్టుకున్నవాడు మొన్న ఊరేగింపులో నా పక్కన గొంతు చించుకున్నవాడే. చెక్క వెనుక వైపు చెప్పుల కొట్టుకు సగం రాసి వదిలేసిన అక్షరాలు చూపించాను. యంత్రం బొమ్మనే పాత చెక్క మీద అచ్చు కొట్టించి ఊరిని మోసం చేశానన్నారు.

4. మనిషి వేసినదైతే మళ్లీ అలాగే వేయగలగాలని సంఘం తీర్మానించింది. హాలు మధ్యలో స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టారు. “ఆ మనిషిని పిలిపించుకోండి మరి, చూసి వేద్దురుగాని” అన్నాడు కార్యదర్శి.

“పోయిందండీ.”

“బాగా కలిసొచ్చిందే మీకు!”

వేశాను. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచారు. ముక్కు దగ్గర తేడా, చెవి దగ్గర తేడా. కనుక మొదటిది నాది కాదని తేల్చారు. అచ్చు గుద్దినట్టు చేసేది యంత్రం, మనిషి కాదు అని ఊరేగింపులో మైకు పట్టి అరిచినది వీరే. తీర్మానం కింద పెట్టిన సంతకాన్ని గీత తేడా లేకుండా మళ్లీ పెట్టి చూపించమని కార్యదర్శిని అడిగాను. మెడ పట్టి గెంటారు. కోపంతో వేసిన ఆ రెండో బొమ్మలో కళ్లు సమంగా వచ్చాయి, మెడ నిండుగా వచ్చింది. దానిని మాత్రం అసలైన కళ అని హాలులో తగిలించారు. అందులో ఉన్న ఆడమనిషి ఎవరో నాకు తెలియదు.

5. సంఘాధ్యక్షులు నా భార్యకు తోడబుట్టిన అన్న, నాకు స్వయానా బావగారు. ఫోటో ఫ్రేముల దుకాణం వారిది. ఆయన ఒక్క మాట అంటే చాలు కదా అని నేనే కాళ్లావేళ్లా పడి సాక్ష్యానికి పిలిపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూశారు.

“ఇది మా చెల్లెలు కాదు. మా చెల్లెలు బొద్దుగా ఉంటుంది, జడ నడుము దాకా ఉంటుంది. లేని మనిషిని పుట్టించారు” అన్నారు.

ఆయన అబద్ధమాడలేదు, అదే నా ఖర్మ. ఆమె మంచం పట్టింది మొదలు ఆయన మా గడప తొక్కలేదు. మా ఇల్లు ఆయన దుకాణానికి వెనుక వీధి. కబురు పెట్టినప్పుడల్లా కొట్టు వదిలి రాలేనన్నారు. వీధిలో ఎవరు దగ్గినా ఆమె, “అన్నయ్యేమో చూడు, తలుపు కొట్టడానికి మొహమాటపడుతున్నాడేమో” అనేది. పోయిన రోజున పూలు పంపించారు, తాను రాలేదు. ఆ ముఖం చూసి ఉంటే కదా గుర్తుపట్టడానికి! ఇదే మాట అక్కడ మొదలుపెట్టాను. “బావా, ఇంటి గొడవలు ఇక్కడొద్దు, ఇది కళకు సంబంధించిన విషయం” అన్నారు. హాలంతా చప్పట్లు.

6. యంత్రం పనేనని సంఘం తేల్చిన బొమ్మల దహనానికి తమ కార్యాలయం అనుమతి ఇచ్చిందని తెలిసి తమ గుమాస్తా గారిని కలిశాను. అది మనిషి వేసినదని సంఘం నుండి సర్టిఫికెట్ తెమ్మన్నారు. తగలబెట్టేది సంఘమే కదండీ అన్నాను. “అయితే వాళ్లకే బాగా తెలియాలి” అని టీ తాగడానికి వెళ్లారు.

కావున, దానిని కళ అనమని నేను తమరిని అడుగుట లేదు. ఒట్టి చెక్క అని రాసుకొనియైనా నా చెక్క నాకు ఇప్పించి, కట్టుకున్నదాని ముఖం కాలకుండా కాపాడమను ఈ మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బోర్డుల పెయింటరు

తా.క.: అర్జీ ఇవ్వడానికి వరుసలో నిలబడి ఉండగా, ఆదివారం నిప్పు పెట్టించేది అధ్యక్షులవారి చేతనేనని తమ అటెండరు చెప్పాడు. కాబట్టి పైన రాసినదంతా కొట్టివేయ ప్రార్థన. బొమ్మ నాకు వద్దు, కాల్చుకోనివ్వండి. కాకపోతే దానిని వెనక్కి తిప్పకుండా, ముఖం ఆయనకు ఎదురుగా ఉండేట్టు నిలబెట్టించండి. చెక్క మందం, ఓ పట్టాన అంటుకోదు. అది పూర్తిగా కాలేదాకా ఆయనను అక్కడి నుండి కదలనివ్వవద్దు. అన్న కడసారి చూపుకైనా వస్తాడని ఎదురుచూసి ఎదురుచూసి పోయింది, పిచ్చిది. వచ్చాడని చెప్పుకుంటాను.