తొంభై కుట్ల దుప్పటి

డిసెంబరు నాలుగు, మధ్యాహ్నం

అమ్మకు,

నీ మానస దండం పెట్టి రాస్తోంది. ఇక్కడ మేమంతా క్షేమమనీ, అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ క్షేమమని తలుస్తున్నాననీ రాయాలి కదా. అందులో మొదటి సగం రెండుసార్లు రాసి రెండుసార్లూ కొట్టేశాను. మీరు క్షేమంగా ఉన్నారని మాత్రం నమ్ముతున్నాను. మా సంగతి కింద రాస్తాను. ఎప్పటిలాగే పేజీలు ఫొటో తీసి వరసగా నీ ఫోనుకు పంపుతాను. కళ్లద్దాలు పెట్టుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని, వరసగానే చదువు. తొందరపడి చివరి పేజీకి పోకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. కాళ్ల వాపు తగ్గిందా అన్నావు. తగ్గింది, పూర్తిగా పోయింది. వేళకు తింటున్నావా అన్నావు. వేళ అనేది తెలియడం లేదు గానీ, ఎదురుగా పెడితే తింటున్నాను. రఘుకు ఆఫీసులో సెలవు ఇస్తారా అన్నావు. రెండు వారాలు ఇచ్చారు, అయిపోయింది. ఫిబ్రవరిలో నువ్వు వచ్చేటప్పుడు కారప్పొడి ఎంత తేవాలి అన్నావు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఇక అసలు ప్రశ్న. వీడియోలో ఎప్పుడూ మొహమే చూపిస్తావు, కడుపు ఎందుకు చూపించవు, నీ వెనక గోడ కూడా మీ ఫ్లాట్ గోడలా లేదే అన్నావు. నీకు చెవులు సరిగా వినపడక మనం ఇలా ఉత్తరాలు రాసుకుంటున్నాం గానీ, ఆ కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. లేసులో ఒక్క కుట్టు తప్పినా మూరెడు దూరం నుంచే పట్టుకునే దానివి, నా గోడ పట్టుకోవా? అది మా ఇంటి గోడ కాదమ్మా. ఆసుపత్రి గోడ.

పాప పుట్టేసింది. ఇవాళ్టికి ఇరవై రోజులైంది. ఫిబ్రవరిలో రావాల్సింది నవంబరులో వచ్చేసింది. ఆడపిల్ల. పుట్టినప్పుడు ఎనిమిది వందల అరవై గ్రాములు. మా ఊరు స్విండన్ నుంచి రెండో రోజే అంబులెన్సులో వేరే ఊరి పెద్దాసుపత్రికి తెచ్చారు. మా ఇంటికి గంట దూరం. తల్లులు ఉండడానికి వార్డు పక్కన చిన్న గదులున్నాయి, నేను అందులో ఉంటున్నాను. రఘు పగలు పని చేసుకుని రోజూ సాయంత్రం ఆరింటికి వస్తాడు. ఇరవై రోజులుగా నీకు అబద్ధం చెబుతున్నాను. నువ్వు 'లోపల తంతోందా' అని అడిగితే తల ఊపాను. నన్ను తిట్టు, కానీ ఇప్పుడు కాదు.

పాప అద్దాల పెట్టెలో ఉంది. ముక్కులో ఒక గొట్టం, నోట్లో ఒకటి, కాలికి ఎర్ర దీపం వెలిగే చిన్న పట్టీ. మొదటి రెండు వారాలూ బాగానే లాక్కొచ్చింది. నా పాలు చుక్కలు చుక్కలుగా గొట్టంలో పోశారు. మొన్న సోమవారం పొట్ట ఉబ్బింది. పాలు ఆపేశారు. పేగుకు చీము పట్టిందట, మందులకు లొంగలేదట. రేపు పొద్దున ఎనిమిదిన్నరకు ఆపరేషన్ చేస్తామన్నారు. బతుకుతుందా అని రఘు ఫోనులోంచి అడిగాడు. డాక్టరమ్మ కుర్చీ నా దగ్గరకు లాక్కుని కూర్చుని, చెరిసగం అని చెప్పింది. ఇంత చిన్న ప్రాణానికి కత్తి పెట్టే చోటెక్కడుందో నాకు అర్థం కావడం లేదు.

నాకు భయంగా ఉందమ్మా. ఇంకో మాట దొరకడం లేదు. పొద్దున లేస్తే భయం, పళ్లు తోముకుంటుంటే భయం, పక్క గదిలో ఎవరి ఫోనైనా మోగితే భయం.

పుట్టకముందు పిల్లకోసం ఏమీ కొనొద్దని ప్రతి ఉత్తరంలోనూ రాశావు. కొనలేదు. చొక్కా, ఊయల, కనీసం ఒక జత సాక్సు కూడా కొనలేదు. కానీ కొనకూడదన్నావే తప్ప అల్లకూడదని అనలేదు కదా అని నాకు నేనే లాయరునై వాదించుకున్నాను. అక్టోబరులో ఒక దుప్పటి మొదలుపెట్టాను.

అవును, సూది పట్టుకున్నాను. మా ఇంటి దగ్గర లైబ్రరీలో మంగళవారాలు కొందరు ఆడవాళ్లు కూర్చుని అల్లుకుంటారు. బ్రెండా అని డెబ్బై ఏళ్లావిడ నేర్పిస్తుంది. మొదటి రోజు మాటల్లో మా అమ్మ నరసాపురం వైపు లేసు అల్లుతుంది, ముప్ఫై ఏళ్లుగా అదే పని, ఆ లేసులు మీ దేశాలకే వస్తాయి అని గొప్పగా చెప్పాను. అందరూ కుర్చీలు జరిపి నాకు చోటిచ్చారు. తీరా చూస్తే నాకు సూది పట్టుకోవడమే రాదు. దారం ఏ వేలికి చుట్టాలో తెలియదు. బ్రెండా పాపం నవ్వలేదు గానీ, పక్కావిడ నవ్వింది.

నాకెలా వస్తుంది? ఎనిమిదేళ్లప్పుడు నువ్వు నీళ్లకు లేచినప్పుడు నీ సూది తీసి రెండు గొలుసు కుట్లు వేయబోయాను. వచ్చి చూసి చేతి మీద కొట్టావు. నన్ను నువ్వు కొట్టింది అదొక్కసారే. "ఇది నా చేతుల్తోనే పోవాలి. ఇంకోసారి ముట్టుకున్నావంటే ఊరుకోన్నేను" అన్నావు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను చదువుకున్నాను, విమానం ఎక్కాను, సూది ముట్టుకోలేదు. ఊళ్లో ఆడపిల్లల్లో లేసు రానిదాన్ని నేనొక్కదాన్నే.

దుప్పటి చాలా తేలిక అని బ్రెండా చెప్పింది. తొంభై గొలుసులు వేసి, ఒకే రకం కుట్టు ముందుకూ వెనక్కూ వేసుకుంటూ పోవడమే. పసుపుపచ్చ నూలు తీసుకున్నాను. పాప పుట్టేసరికి పది వరసలయ్యాయి. తర్వాత ఆసుపత్రికి తెచ్చుకున్నాను. ఇక్కడ కూర్చుని అల్లుతూనే ఉన్నాను. మొన్న పక్క మీద పరిచి చూస్తే కింద వెడల్పుగా ఉంది, పైకి పోయేకొద్దీ సన్నబడిపోయింది. లెక్కపెట్టాను. తొంభై కుట్లు ఉండాల్సిన చోట యాభై మూడున్నాయి. వరస తిప్పేటప్పుడు చివరి కుట్టు కనపడకుండా నక్కి ఉంటుందట, దాన్ని వదిలేస్తూ వచ్చాను. ప్రతి వరసకూ ఒకటి. ఫొటో పంపితే, కొత్తవాళ్లందరూ చేసే తప్పే, మొదటి వరస దాకా విప్పేయమ్మా అని బ్రెండా రాసింది.

విప్పలేకపోయాను. అదే రోజు పాపను తూచారు, యాభై గ్రాములు తగ్గింది. ఇంజనీరింగ్ చదివినదాన్ని, నవ్వుకో. నేను కుట్లు పోగొట్టినకొద్దీ పిల్ల తరిగిపోతోందని నాకు భయం పట్టుకుంది. విప్పితే ఏమవుతుందో అని ఇంకా భయం. నువ్వు వద్దన్న రెండు పనులూ చేశాను, సూది ముట్టుకున్నాను, పుట్టకముందే సిద్ధం చేశాను, అందుకే ఇలా జరిగిందని రోజుకు పదిసార్లు అనిపిస్తోంది. అలా ఏమీ కాదని నువ్వు చెప్పాలి. నువ్వు చెబితేనే నమ్ముతాను.

అయినా అల్లడం మానలేదు. ఎందుకు మానలేదో చెప్పాలి. నాలుగు పేజీలుగా చుట్టూ తిరుగుతున్నది ఆ మాట చుట్టూనే.

అమ్మా, నేను నా బిడ్డను ముట్టుకోవడం లేదు.

రెండో రోజు ఒక్కసారి ముట్టుకున్నాను. పెట్టెకు పక్కన గుండ్రటి తలుపులుంటాయి, అందులోంచి చెయ్యి పెట్టి వీపు నిమిరాను. మూడుసార్లు నిమిరానో లేదో మిషను మోగింది. పాప ఊపిరి ఆగింది, ఒళ్లు నల్లబడింది. నర్సులు పరిగెత్తుకొచ్చి నన్ను పక్కకు జరిపారు. నిమిషంలో సర్దుకుంది. ఇంత చిన్న పిల్లలకు ఇది మామూలే, నీ తప్పు కాదు అని ఒకటికి నాలుగుసార్లు చెప్పారు. నా చెయ్యి మాత్రం వినలేదు. ఆ రోజు నుంచి ఆ తలుపు తీయలేదు. పద్దెనిమిది రోజులు. గాజు అవతల నిలబడి చూస్తాను, పాలు పిండి ఇస్తాను, గదిలోకి వచ్చి సూది పట్టుకుంటాను. రఘు రోజూ వచ్చి అరగంట చెయ్యి వేసి కూర్చుంటాడు. పొద్దున నీ వేలు పట్టుకుందా అని నన్ను అడుగుతాడు. పట్టుకుంది అంటాను. అతను సంతోషపడతాడు. అతనికి కూడా తెలియదు.

ఇక్కడ గ్రేస్ అని ఒక నర్సుంది. ఘనా దేశం మనిషి, నీ వయసుంటుంది. రోజూ వచ్చి 'వస్తావా' అని అడుగుతుంది. ఈ వరస అయ్యాక వస్తాను అంటాను. వరస అయ్యేలోపు ఆమె డ్యూటీ అయిపోతుంది. ఇవాళ పొద్దున ఆపరేషన్ సంగతి చెప్పాక మళ్లీ వచ్చింది. మళ్లీ అదే చెప్పాను. ఈసారి వెళ్లలేదు. నా పక్కన మంచం మీద కూర్చుని దుప్పటి చేతిలోకి తీసుకుంది. ఇంత పెద్ద కన్నాలున్న అల్లిక పెట్టెలో వేయనివ్వరు, వేళ్లు చిక్కుకుంటాయి అంది. తర్వాత చాలా మెల్లగా అంది:

"ఆ పెట్టెలో పాపకు వెచ్చగానే ఉంది. దానికి దుప్పటి అక్కర్లేదు. చేతులు కావాలి."

ఆమె వెళ్లాక ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ నీ మీద కోపం తెచ్చుకున్నాను. ఇది కూడా రాసేస్తున్నాను, ఇవాళ దాచుకునే ఓపిక లేదు. చిన్నప్పుడు నీ ఒళ్లో ఎప్పుడూ లేసుండేది. నేను పక్కనుండేదాన్ని. నాకు జ్వరమొస్తే నీ మోకాలికి ఆనుకుని పడుకునేదాన్ని. నీ చెయ్యి ఒకసారి నా నుదుటి మీదకు వచ్చి మళ్లీ సూది దగ్గరకు పోయేది. ఎత్తుకోమంటే, ఈ వరస అయ్యాక అనేదానివి. ఆ సూదిని బావిలో పారేయాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎవరి కోసం అల్లావో, ఎందుకు అల్లావో తెలియక కాదు. నీకు వేరే దారి లేదు, నీ నడుం వంగిపోయేదాకా అల్లి నన్ను ఇక్కడికి పంపావు. నాకు ఏ ఇబ్బందీ లేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి, బిడ్డ పది అడుగుల దూరంలో ఉంది. అయినా నీ మాటే నా నోట్లోంచి వచ్చింది. నేను ఉత్త భయంతో అల్లుతున్నాను. నన్ను సూదికి దూరంగా పెంచావు గానీ, నేను వెతుక్కుని మరీ దాని వెనక దాక్కున్నాను.

రేపు ఆ పిల్ల తిరిగి రాకపోతే, వాళ్లమ్మ చెయ్యి ఎలా ఉంటుందో తెలియకుండా పోతుంది. ఈ వాక్యం రాశాక ఇక్కడ కూర్చోలేకపోతున్నాను. కాసేపాగి రాస్తాను.

*

ఇప్పుడు నాలుగున్నర. బయట అప్పుడే చీకటి పడింది. అక్షరాలు సరిగా లేకపోతే సర్దుకుని చదువు.

వెళ్లాను. గ్రేస్ నన్ను సింకు దగ్గరకు తీసుకెళ్లింది. ఉంగరం తీయించి, మోచేతుల దాకా కడిగించింది. చేతులు వెచ్చబడేదాకా రుద్దుకోమంది. నిమరకూడదట, నిమిరితే ఆ పసి ఒళ్లు తట్టుకోలేదట, నేను అప్పుడు చేసిన పొరపాటు అదేనట. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి అరికాళ్ల కింద పెట్టి కదలకుండా ఉంచాలి, అంతే. పెట్టాను. తల నా అరచేతిలో సగం కూడా లేదు. చాలా వేడిగా ఉందమ్మా. అంత వేడిగా ఉంటుందని నేను అనుకోలేదు.

నాలుగు నిమిషాలు కూడా కాలేదు, మిషను మీద ఆక్సిజన్ అంకె తొంభై రెండు నుంచి ఎనభైకి దిగింది, డెబ్బై ఒకటికి వచ్చింది. మోగడం మొదలుపెట్టింది. నా చేతులు వాటంతటవే వెనక్కి రాబోయాయి. గ్రేస్ నా మణికట్టు పట్టుకుని, ఉంచు అంది. చుట్టూ అంతా మోగుతోంది, నాకు కళ్లు కనపడడం లేదు, పాప తల నా చేతికింద కొట్టుకుంటోంది. తీయలేదు. ఎంతసేపో తెలియదు. మోత ఆగింది. అంకె ఎనభై నాలుగు అయింది, తొంభై అయింది. పాప రెండు అరికాళ్లూ నా చేతికి ఆనించి గట్టిగా తన్ని, అలాగే ఉంచి నిద్రపోయింది. గంటసేపు నిలబడ్డాను. నడుం పడిపోయింది.

భయం పోలేదు. ఇంకా ఎక్కువైంది, నిజం చెప్పాలంటే. నిన్నటిదాకా గాజు అవతలి పిల్ల పోతుందని భయం. ఇప్పుడు ఈ కాళ్లు పోతాయని భయం. ఆరింటికి రఘు వస్తాడు, అబద్ధాలన్నీ చెప్పేస్తాను. తర్వాత మళ్లీ లోపలికి వెళ్తాను. వాళ్లు వెళ్లగొట్టేదాకా అక్కడే ఉంటాను. ఫోను గదిలోనే వదిలేస్తాను, ఇది చదివి వెంటనే చెయ్యకు.

రేపు ఎనిమిదిన్నరకు తీసుకెళ్తారు. నీకు అప్పుడు మధ్యాహ్నం రెండు. నువ్వు లేసు తీసుకుని గుమ్మంలో కూర్చునే వేళ. మొక్కులు మొక్కమని అడగను, నేను అడక్కపోయినా మొక్కుతావు. ఒక్కటి అడుగుతున్నాను, ఇన్నేళ్లలో అడగలేకపోయింది. రేపు ఆపరేషన్ జరిగే ఆ రెండు గంటలూ సూది పట్టుకోకమ్మా. ఊరికే కూర్చో. ఆ చేతులు నా కోసం ఖాళీగా ఉంచు.

ఇట్లు,
నీ కూతురు,
పాప వాళ్లమ్మ,
మానస