రానుపోను టికెట్టు

జర్మనీలో ఉన్న మనుమరాలు జులేఖాకు నారాయణపేట నుంచి నానీ దువా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొన్న నీ మొగుడు నూరుద్దీన్ ఫోన్ చేసి, "ఫికర్ చెయ్యకుండ్రి నానీ. నా మీద కోపంతోని దోస్త్ ఉన్న ఊరికి పోయింది గని, రానుపోను రైలు టికెట్టే కొన్నది, వస్తది" అన్నాడు. నేనూ నమ్మి మీ అమ్మను ఏడుపు మానమన్నాను. నువ్వేమో, "గీడ ఒక్క దిక్కు టికెట్టు కన్నా రానుపోను టికెట్టే సస్త, తక్కువ పైసలకొస్తది నానీ, గందుకే కొన్న. మల్ల ఆయన తానికి పోను" అని రాస్తావా! బడిలో లెక్కలు చెప్పిన నాకే ఇదేం లెక్కో అంతుపట్టలేదు. సంసారం వదిలేటప్పుడు కూడా బేరం చూసుకున్న దానివి, ఎక్కడైనా బతుకుతావు. కానీ అతను రోజూ సాయంత్రం స్టేషన్‌కు పోయి చలిలో నిలబడుతున్నాడట. రాననే మాట అతనికి నేను చెప్పలేను తల్లీ. ఇది అందగానే నువ్వే ఫోన్ చెయ్యి.

మీ నానీ