చలిజ్వరం మనకు చుట్టమే

మంగళవారం, నానక్‌రామ్‌గూడ

తమ్ముడి సెక్యూరిటీ యూనిఫాం ఇంకా తాడు మీదే ఉంది. తీయడానికి చేయి రాలేదు.

పండక్కి ములుగు దగ్గర మా అడవి ఊరికి వెళ్ళొచ్చాక జ్వరం పట్టుకుంది వాడికి. దవాఖానకు పోదామంటే నవ్వాడు. "గీ చలిజ్వరం మనకు చుట్టమే అక్కా. రెండు రోజులుండి పోతది." చిన్నప్పుడు నిజంగానే పోయేది.

అంతా అయిపోయాక డాక్టర్ చెప్పాడు. "మలేరియా దోమలు కుడుతున్నన్నాళ్ళే తట్టుకునే శక్తి ఉంటుందమ్మా. ఏళ్ళ తరబడి సిటీలో ఉంటే ఒళ్ళు మరిచిపోతుంది."

ఈరోజు ఊరి నుంచి అమ్మ ఫోన్. ఆశా కార్యకర్త ఇంట్లో అందరికీ వేలు గుచ్చి రక్తం చూసిందట. "అందరికీ మలేరియా ఉన్నదట బిడ్డా. మాకు ఒళ్ళు కూడా కాగలే. మరి వాడొక్కడే ఎట్ల పోయిండు?"

మన ఇంటి దోమలకే వాడు పరాయివాడయ్యాడని అమ్మతో ఎలా అనను?