కుడి మలుపులు

మార్చి 11, మంగళవారం

పెద్దలైన బాబాయి గారికి,

అలక తీరని మీకు మీ కూతురు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మర్యాదలు ఇంతటితో సరి, ఇక మనలా మాట్లాడుకుందాం.

ఆదివారం రేసు ట్రాక్ మీద నిన్ను మధ్యలో ఆపించినప్పటి నుంచీ నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని నీ స్నేహితులందరి ముందూ అన్నాను. ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాను, నా బ్రేకుల సంగతి నాకు తెలీదా అని గయ్యిమన్నావు. తాళాలు నా చేతిలో కుక్కి, ఎవరి బండో ఎక్కి వెళ్లిపోయావు.

నిన్న సెలవు పెట్టి నీ కారు నేనే నడిపాను. అవే టైర్లు, వేగమూ బ్రేకూ కొలిచే అదే పెట్టె. గంటకు వంద కిలోమీటర్ల వేగం నుంచి పదిసార్లు ఆపి చూశాను. ప్రతిసారీ ముప్పై తొమ్మిది మీటర్ల లోపే నిలబడింది. ఎడమకు తిప్పినా కుడికి తిప్పినా ఒకటే పట్టు. మెకానిక్ చక్రాలు విప్పి చూసి, దీనికి జబ్బేమీ లేదు, అక్కర్లేకపోతే నాకిచ్చేయండి అని నవ్వాడు. బ్రేకుల మాట అబద్ధం బాబాయ్, ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఆదివారం నాటి నీ కొలతలు ముందేసుకుని కూర్చున్నాను. ఎడమ మలుపుల్లో నువ్వు ఎప్పటి నువ్వే. నాకంటే ఆలస్యంగా బ్రేకు తొక్కి, నాకంటే వేగంగా బయటపడతావు. కుళ్లుకుని చచ్చాను. కుడి మలుపుల్లో మాత్రం పోయినేడాది కన్నా పదిహేను మీటర్లు ముందే తొక్కుతున్నావు. అయినా తిప్పడం ఆలస్యమై కారు అంచుదాకా పోతోంది. నాలుగో రౌండులో గడ్డికి జానెడు దూరం!

గురువారం పదింటికి వస్తాను. మంచి చొక్కా వేసుకుని సిద్ధంగా ఉండు. నేనే నడుపుతాను. పక్కన కూర్చుని ఎన్ని వంకలైనా పెట్టు, పడతాను.

నీ మీద బోలెడు ప్రేమతో,
నీ రౌండ్లకు టైము చూసే స్టాప్‌వాచీ పిల్ల

తా.క.: ఎక్కడికని అడగకుండా ఉండవు. కంటి డాక్టరు దగ్గరికి. ఆదివారం నిన్ను ఆపించింది కొలతలు చూసి కాదు. మూడో మలుపులో కుడివైపు కంచె పక్కన, ఎర్ర స్వెటరు వేసుకుని, నాలుగు రౌండ్లూ రెండు చేతులూ ఊపాను. ఎప్పుడూ వేలెత్తి పలకరించే మనిషివి, ఒక్కసారీ నన్ను చూడలేదు. నలుగురిలో నీ కంటి మాటెత్తలేక నేరం బ్రేకుల మీదికి నెట్టాను. పిన్నికి ఇంకా చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.