శాస్త్రంలో లేని కేకు

జనవరి 5, ఆదివారం

ఈ డైరీ తెలుగులోనే రాస్తాను. ఆఫీసు బెంగాలీలెవరూ చదవలేరు. ఇంట్లో చదవగలిగింది అమ్మ ఒక్కతే, ఆవిడ ఇంకొకళ్ల పుస్తకం ముట్టుకోదు. ఒత్తులు తప్పితే నా ఇష్టం.

ప్రణవ్‌తో నా పెళ్లి ఫిబ్రవరి 13న, ఇక్కడే సంత్రాగాఛిలో. రిసెప్షన్ 15న హౌరాలో, బాంక్వెట్ హాల్లో. ఈరోజు పెదనాన్న, అన్నపూర్ణమ్మ పెద్దమ్మ వచ్చారు. కన్యాదానం వాళ్లు చేస్తారట. నాన్న లేడు కాబట్టి అమ్మ పీటల మీద కూర్చోకూడదట. పసుపు దంచడం దగ్గర్నుంచి తలంబ్రాల బియ్యం కలపడం వరకూ దేనికీ అమ్మ చెయ్యి తగలకూడదట. శాస్త్రం ఒప్పుకోదట.

నాన్న గూడ్సు గార్డు. నేను ఆరో క్లాసులో ఉండగా పోయాడు. ఆ ఉద్యోగం బదులు అమ్మకి రైల్వే ఆఫీసులో గుమాస్తా పనిచ్చారు. అప్పట్నుంచి నాకు జడ వేసినా, ఫీజు కట్టినా ఆ చెయ్యే. అప్పుడు శాస్త్రం ఎక్కడికెళ్లిందో. అమ్మ మాత్రం తలూపి, టీ పెట్టడానికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ఆరు

ఐడియా వచ్చింది. కేకు! ఏ శాస్త్రంలోనూ కేకు లేదు. రిసెప్షన్లో కేకు కోసి, మొదటి ముక్క అమ్మ చేత్తో తింటాను. స్టేజీ మీద, అందరి ముందూ. ఎవరు ఆపుతారో చూస్తాను.

జనవరి 11, శనివారం

ప్రణవ్‌తో బేకరీకి వెళ్లాను. మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు, వాళ్లది వరంగల్. బేకరీ హౌరా మైదాన్ దగ్గర. ఓనరుని అందరూ బాపీదా అంటారు. మూడంతస్తుల కేకు ఫొటో చూపించాడు. అందులో కింది రెండంతస్తులూ థర్మోకోలట! కోసే చోట గుర్తుగా ఒక క్రీము పువ్వు పెడతాడట. గెస్టులకి వంటగదిలోంచి వేరే కేకు కోసి పంపిస్తారట. ఊళ్లో పెద్ద పెద్ద పెళ్లిళ్లన్నిటికీ ఇంతేనని గర్వంగా చెప్పాడు.

నాకు పైనుంచి కిందిదాకా కేకే కావాలన్నాను. చిన్నదైనా ఫరవాలేదు. కేకు గురించి అంత పట్టుదల ఎందుకని ప్రణవ్ అడిగాడు. చెప్పలేదు. చెప్తే వాళ్లమ్మకి చెప్పేస్తాడు, కడుపులో మాట దాగదు.

జనవరి 12, ఆదివారం

వీడియో కాల్. అటు ప్రణవ్ వాళ్లమ్మ వేదవతిగారు, ఇటు నేనూ పెద్దమ్మా.

తెల్ల కేకు చూపిస్తే అత్తయ్య శుభకార్యంలో తెలుపేంది అంది. చాక్లెట్ చూపిస్తే నలుపంది. రెడ్ వెల్వెట్ చూపిస్తే పచ్చి మాంసం లెక్కున్నదంది. పెద్దమ్మ మధ్యలో దూరి, దీపాలార్పి కాపరం మొదలెడతారా ఏటి అని దులిపేసింది. పెళ్లి కేకు మీద కొవ్వొత్తులుండవు పెద్దమ్మా అన్నాను. మరి కత్తేటి, మంచి రోజు పూట కొయ్యడమేటి అంది. కొయ్యకుండా ఎలా తింటారంటే, అందుకే లడ్డూలు చెప్పమంటున్నానంది.

రెండు ఊళ్ల నుంచి ఇద్దరాడవాళ్లు, పెళ్లిలో ఇంకా కలుసుకోకుండానే, ఒక్కటైపోయారు.

జనవరి 18, శనివారం

పదిహేనో తారీకు శనివారమని ఇవాళ అందరికీ గుర్తొచ్చింది. అమ్మ శనివారం ఒంటిపూట, గుడ్డు ముట్టదు. అత్తయ్యవాళ్లూ అంతే. సరే, ఎగ్‌లెస్. బాపీదాకి ఫోన్ చేసి చెప్పాను. మెల్లిగా, ఇంట్లో ఎవరైనా పోయారా దీదీ అని అడిగాడు. ఇక్కడివాళ్లు గుడ్డు మానేది మైలలోనే.

జనవరి 19, ఆదివారం

ఎగ్‌లెస్ శాంపిల్స్ తెచ్చాను. మొదటిది రంపపు పొట్టు. రెండోది తడిసిన రంపపు పొట్టు.

జనవరి 22, బుధవారం

పెద్దమ్మ ఫోను. బూందీని కేకు ఆకారంలో కట్టే మనిషి ఖరగ్‌పూర్‌లో ఉన్నాడట.

జనవరి 26, ఆదివారం

బాపీదా కొత్త శాంపిల్ ఇచ్చాడు. ఖర్జూర బెల్లంతో, పైన అదే బెల్లం కలిపిన క్రీము. గుడ్డు లేని లోటు ఈ బెల్లమే తీరుస్తుందన్నాడు. అమ్మ గ్యాసు పొయ్యి దగ్గర నిలబడే ఒక ముక్క తింది. నేను చూడట్లేదనుకుని రెండోది తీసుకుంది. అమ్మ ఏదైనా రెండోసారి తీసుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు. వెంటనే బుక్ చేశాను. లేత గోధుమ రంగు. తెలుపూ కాదు, నలుపూ కాదు, మాంసమూ కాదు. ఎవరూ నోరెత్తలేదు.

ఆ సంతోషంలో అమ్మకి అసలు సంగతి చెప్పేశాను. మొదటి ముక్క నీ చేత్తోనే అన్నాను.

వద్దంది.

ఎందుకంటే చెప్పదు. రిసెప్షన్ రోజు డైనింగ్ హాలు తను చూసుకుంటుందట, లేకపోతే వడ్డన సరిగా జరగదట. క్యాటరర్లున్నారే అన్నాను. వాళ్లకేం తెలుస్తుంది అంది. చివరికి, రేపు నీ కాపరంలో ఏ చిన్న తేడా వచ్చినా నా చెయ్యి తగిలిందనే అంటారే, నేను భరించలేనే అంది. ఎవరో అంటారని కాదు, తనే అలా అనుకుంటోంది. అది చూసి నాకు పిచ్చి కోపమొచ్చింది. అరిచాను. గిన్నె విసిరేశాను. స్టీలుది, ఏం కాలేదు. అమ్మ దాన్ని తీసి, కడిగి, బోర్లించింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

సరస్వతీ పూజ మైకు పొద్దుట్నుంచీ చెవులు తినేస్తోంది. ఉండబట్టలేక ప్రణవ్‌కి అంతా చెప్పాను. తర్వాత నేననుకున్నట్టే వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. తీర్పు ఇదీ: ముందు ముత్తైదువలంతా తినిపించాక, ఆఖరికి మీ అమ్మగారు కూడా ఒక ముక్క పెట్టొచ్చు. ఏదో గెలిచొచ్చినట్టు చెప్పాడు.

కేకుకి శాస్త్రం లేదనుకున్నాను. నెల తిరక్కుండా రాసేశారు.

ఫిబ్రవరి 5, బుధవారం

ప్రణవ్ సారీ చెప్పాడు. ఏం చెయ్యాలో తెలీదన్నాడు. నాకు మాత్రం తెలుసా.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పెళ్లయిపోయింది. బాగా జరిగిందని అందరూ అంటున్నారు.

జీలకర్ర-బెల్లం పెట్టేటప్పుడు అక్షింతల పళ్లెం తిప్పుతున్నవాళ్లెవరో తెలియక అమ్మ చేతిలోనూ ఇన్ని పోశారు. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. అందరూ వేశారు. అమ్మ గుప్పిట అలాగే మూసుకుంది. బాజాలు ఆగాక పళ్లెం వెతుక్కుని, ఒక్క గింజ కింద పడకుండా, తిరిగి అందులో పోసేసింది. ప్రణవ్ భుజం మీదుగా నేను చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత మంత్రాలు చెవికెక్కలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్నటిది రాయాలి.

కేకు బాగుంది. చిన్నది, అంతా కేకే. బాపీదా తనే మోసుకొచ్చి స్టేజీ పక్కన నిలబడ్డాడు. వరసలో ముందు అత్తయ్య, తర్వాత పెద్దమ్మ, వాళ్ల వెనక ఇంకా చాలామంది. అమ్మ కనబడలేదు. డైనింగ్ హాల్లో ఉంది. నేను చిరునవ్వు అతికించుకుని కత్తి పట్టుకున్నాను. నా చేతిమీద ప్రణవ్ చెయ్యి వేశాడు.

కత్తి కేకుకి తగిలిందో లేదో, పెద్దమ్మ గట్టిగా, అక్షింతలెయ్యండర్రా అని కేకేసింది! పెళ్లినాటి మిగులు సంచిలో తెచ్చి అందరికీ పంచిందట. వధూవరులు చేతిలో చెయ్యి వేశారు, అంతకంటే ముహూర్తం ఏముంటుంది అనుకుంది. మావాళ్లంతా విసిరారు. ఆఫీసు బెంగాలీలు ఇదేదో బాగుందని నాలుకలాడించి ఉలుధ్వని చేస్తూ వాళ్లూ విసిరారు. నా తల మీద పడినవి కొన్నే. క్రీము నిండా పసుపు బియ్యం. బాపీదా నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఇక దీన్నెవరూ తినలేరని అత్తయ్య అంది. పన్ను విరుగుతుందంది. పెద్దమ్మ, నేను లడ్డూలని ముందే చెప్పానంది. నెల రోజులు పోట్లాడిన కేకు. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

గోల విని అమ్మ వచ్చింది. చేతిలో చెంచా. కేకుని చూసింది, పెద్దమ్మని చూసింది. ఇంత బెల్లం, ఇంత క్రీము నేలపాలు చేస్తారా, బుద్ధుండక్కర్లేదా అక్కా అంది. పెద్దమ్మని అమ్మ కసరడం నేను పుట్టాక ఇదే మొదటిసారి. కొంగు బొడ్లో దోపి, కళ్లజోడు సర్దుకుని, రేషను బియ్యంలో రాళ్లేరినట్టు ఏరడం మొదలెట్టింది. హాలంతా చూస్తోంది. ఆవిడ ఎవర్నీ చూడలేదు. ఒక పక్క శుభ్రం చేసి, నా చేతిలో కత్తి లాక్కుని, ఒక ముక్క కోసి నా నోట్లో పెట్టేసింది. నమిలి చూడవే, ఇంకా తగుల్తున్నాయేటి అని అడిగింది.

తగల్లేదని తలూపాను.

అప్పుడు తెలిసింది ఆవిడకి. వేళ్లకున్న క్రీము వంక చూసుకుంది. వెనక్కి తిరిగి వెళ్లిపోబోయింది. అంతలో అత్తయ్య, ఏమనుకుందో ఏమో, వదినా నాకూ జర చూసి పెట్టండి, నా పళ్లసలే మంచిగలేవు అంది. ఆ వెనక ప్రణవ్ నోరు తెరిచి నిలబడ్డాడు. పెద్దమ్మ మూతి ముడుచుకునే తింది. వరసలో ఉన్నవాళ్లందరికీ అమ్మే ఏరి, కోసి, పెట్టింది.

ఫిబ్రవరి 17, సోమవారం

నిజానికి మొన్న ఆ ముక్కలో ఒక గింజ తగిలింది. అమ్మకి చెప్పలేదు. మింగేశాను.