పదకొండు స్లైడ్లు

నేను సరిగ్గా కడగలేదని చెప్పి పదకొండు కణితి స్లైడ్లను చెత్తబుట్టలో పడేశావు బావా. రంగు కేంద్రకంలో ఉండకుండా కణమంతా పాకిందని, అది నా చేతి లోపమని అందరి ముందూ అన్నావు. "చుట్టాన్ని పనిలో పెట్టుకుంటే ఇంతేనయ్యా" అని నవ్వావు కూడా. ల్యాబులో నిన్ను సార్ అంటున్నాను. ఈ ఉత్తరంలో అనను.

ఆ పదకొండూ బుట్టలోంచి తీశాను. ఊరుకోకుండా మొత్తం యాభై ఒక్కమంది కణితులనూ అవి దాచిన మైనపు దిమ్మల నుంచి మళ్లీ పల్చగా కోశాను. కొత్త సీసా రంగు మందు వాడి, ఒక్కోదాన్నీ నాలుగుసార్లు కడిగాను. నంబర్ల మీద కాగితం అంటించి, పక్క టేబుల్ దగ్గర పనిచేసే ఆవిడను చూడమన్నాను. ఆవిడ ఒక్కొక్కటే పక్కన పెడుతూ, "వీటిలో రంగు బయటికొచ్చిందేంటే? బాగానే కడిగావుగా" అంది. కాగితాలు పీకి చూస్తే సరిగ్గా ఆ పదకొండే. ఫైళ్లు తీశాం. పదకొండు మందికీ క్యాన్సర్ వేరే అవయవాలకు పాకింది. మిగతా నలభై మందిలో ఇద్దరికే పాకింది.

ఆ రంగు అంటేది, జన్యువుల ఆజ్ఞలు మోసే ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ఒక ప్రోటీన్‌కి; అది ఎక్కువగా కేంద్రకంలోనే ఉండాలి. పనైపోయిన ఆర్‌ఎన్‌ఏను కణం మామూలుగా చించి పారేస్తుంది. ప్రోటీన్ బయటికొచ్చి దాన్ని గట్టిగా పట్టుకుంటే అది చిరగదు, కణం "పెరుగు, కదులు" అన్న పాత ఆజ్ఞనే చదువుతూ కూర్చుంటుంది. ఇది నాకు ఏ కాలేజీ చెప్పలేదు. నువ్వు టేబుల్ మీద వదిలేసిన పేపర్లు ఇంటికి పట్టుకెళ్లి, మాటమాటకీ డిక్షనరీ తిప్పి నేర్చుకున్నాను. నువ్వేమో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచి, అందరిలో ఒకేలా ఉంది గనక క్యాన్సర్ పాకడంతో దీనికి సంబంధం లేదని నీ పేపర్లో రాసేశావు. ఎక్కడుందో చూడలేదు. అది అచ్చయితే నిన్ను నమ్మి ఇంకొకరు కూడా చూడరు.

ఇంటికెళ్లి చెప్తే అక్క, "మీ బావ అంత చదివాడు, ఆయనకంటే నీకెక్కువ తెలుసా?" అంది. నీ నవ్వుకు ఏడవలేదు గానీ ఆ మాటకు ఏడ్చాను. ఏడ్చాక మళ్లీ వచ్చి లెక్క సరిచూశాను. తప్పు లేదు.

పేపర్ శుక్రవారం పంపుతున్నావు. ఆ పదకొండూ లెక్కలో చేర్చి, ముగింపు మార్చు. కోసింది, కడిగింది నేనని అందులో రాయి. చేస్తావో చేయవో గురువారం సాయంత్రం నాలుగింటిలోగా కాగితం మీద జవాబివ్వు. రాకపోతే నాలుగు దాటి ఐదు నిమిషాలకల్లా డైరెక్టర్ గదిలో ఉంటాను.

నీ మరదలు