కారే జాకెట్

శనివారం రాత్రి. మధ్యాహ్నం పట్టిన ముసురు ఇంకా వదల్లేదు.

ఇవాళ నేనూ మా బామ్మర్ది సుధాకర్ రెయిన్ జాకెట్లు టెస్ట్ చేయడానికి రాజమండ్రి నుంచి అన్నవరం దాకా బండి మీద వెళ్లాం. నా యూట్యూబ్ వీడియోలో ఒక జాకెట్ నీళ్లు ఆపాలి, ఇంకోటి కారాలి. కారేది ఏదో నిన్ననే బాత్రూంలో బకెట్ నీళ్లు పోసి చూసుకున్నాను. అదే వాడికిచ్చాను. వాన ముందు వాడికే తగలాలని బండి కూడా వాడిచేతే నడిపించాను. జ్వరం నుంచి లేచి నాలుగు రోజులే అయింది వాడికి.

జగ్గంపేట దాకా ఎండ మాడ్చేసింది. తర్వాత ఒక్కసారిగా కుండపోత.

"బావగారూ, లోపలికి నీళ్లొచ్చేస్తున్నాయండి. కాసేపు ఆగుదామా?"

"పోనివ్వరా. వీడియోకి కావాలి."

అన్నవరం కొండ కింద టీ కొట్టు దగ్గర కెమెరా పెట్టి చొక్కా విప్పి పిండమన్నాను. పిండాడు. టీ తాగేవాళ్లు నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. వాడూ నవ్వబోయి, దగ్గుతూ వంగిపోయాడు.

కెమెరా ఆపాక అడిగాడు: "ఇది కారుతుందని మీకు ముందే తెలుసాండి?"

"నాకేం తెలుసురా!"

వెంటనే నమ్మేశాడు. "పోన్లెండి, మీరు వేసుకోలేదు. అసలే మీకు ఆయాసం" అన్నాడు.

ఇప్పుడు పక్క గదిలో మా ఆవిడ తమ్ముడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. నేను వీడియో ఎడిట్ చేస్తున్నాను. వాడు దగ్గిన ముక్క తీసేద్దామనుకున్నాను. కానీ జనం నవ్వు అక్కడే బాగా పడింది. ఉంచేశాను.